చెత్తబుట్టలోంచి కొండలు: మోడల్ రైల్వే లేఅవుట్‌కి తక్కువ ఖర్చులో సీనరీ

లేఅవుట్‌లో, అంటే చెక్క బోర్డు మీద కట్టుకునే చిన్న రైలు లోకంలో, పట్టాలు వేసేశాం, వైరింగ్ అయిపోయింది, ట్రైన్ ఆగకుండా తిరుగుతోంది, కానీ రెండడుగులు వెనక్కెళ్ళి చూస్తే ఇంకా చెక్క మీద తిరుగుతున్న బొమ్మలాగే ఉంటుంది. ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు, ఎందుకంటే ట్రాక్ అంటే కొలతలు, ప్లాను, అన్నీ లెక్క ప్రకారం జరిగిపోతాయి, సీనరీ, అంటే చుట్టూ కొండలూ చెట్లూ నేలా చేయడం, దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నాకు ఆర్ట్ రాదు బాబోయ్" అనే భయం ఒకటి, రెడీమేడ్ కిట్ల రేట్లు చూసి వచ్చే భయం ఇంకొకటి. రెండోదానికి మందు సులువే, కొండకి కావాల్సినవి అట్టపెట్టెలు, పాత న్యూస్ పేపర్లు, తెల్ల గమ్ము, కొంచెం ప్లాస్టర్ ఆఫ్ పారిస్, నాలుగు రంగులు, అంతే. మొదటి భయం గురించే ముందు రెండు ముక్కలు చెప్పాలి.

కొత్తగా చేసినవాళ్ళ కొండ చూడగానే ఎందుకు తేలిపోతుందంటే సామాను చవక అని కాదు, అది బోర్డు మధ్యలో గంప బోర్లించి దానికి రెండు చిల్లులు పెట్టి ట్రైన్ పంపించినట్టు ఉంటుంది. నా మొదటి కొండ అచ్చం అలాగే ఉండేది. నిజంగా ఏం జరుగుతుంది, కొండ ముందు నుంచీ అక్కడ ఉంటుంది, రైలు వాళ్ళు తర్వాత వస్తారు, వీలైతే పక్కనుంచి పోతారు, కుదరకపోతే అంచు తవ్వి కటింగ్ చేస్తారు, అదీ కుదరకపోతేనే సొరంగం, ఎందుకంటే సొరంగం తవ్వడం అన్నిటికన్నా ఖరీదు. కాబట్టి మీరు పట్టాలు ముందు వేసినా సరే, కొండ చేసేటప్పుడు మాత్రం కొండే ముందు పుట్టింది అనుకొని చేయాలి. ట్రాక్ ఇక్కడ ఎందుకు వంపు తిరిగింది? అదిగో ఆ రాతి ముక్కు అడ్డొచ్చింది కాబట్టి. ఈ ఒక్క ప్రశ్నకి మీ కొండ జవాబు చెప్పగలిగితే చాలు, మిగతాదంతా చేతిపని.

ఇంకో లాభం కూడా ఉంది, అలా ఆలోచిస్తే పూర్తి కొండ చేయక్కర్లేదు. బోర్డు వెనక అంచుకో గోడకో ఆనించి సగం కొండ చేయండి, చూసేవాళ్ళ కన్ను మిగతా సగాన్ని గోడ అవతల ఊహించుకుంటుంది, సామాను కూడా సగమే.

ఎత్తు గురించి ఒక చిన్న లెక్క. మోడల్ రైళ్ళ సైజుల్లో హెచ్‌ఓ స్కేల్ అంటే 1:87, అంటే అసలుదానికి 87వ వంతు, దాంట్లో వంద మీటర్ల కొండ కట్టాలంటే 115 సెం.మీ. ఎత్తు కావాలి, ఎన్ స్కేల్ 1:160 కాబట్టి అదే కొండకి 62 సెం.మీ. పైనే. ఎవరికీ అంత చోటుండదు, అందరూ కుదించే చేస్తారు, తప్పేం లేదు. నేను పెట్టుకున్న రూలు ఏంటంటే కొండ ట్రైన్ ఎత్తుకి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి, హెచ్‌ఓ బోగీ ఇంచుమించు 4.5 నుంచి 5 సెం.మీ. ఎత్తు ఉంటుంది కాబట్టి 20 నుంచి 25 సెం.మీ. అంతకంటే తగ్గితే అది కొండలా కాదు, మట్టి కుప్పలా కనిపిస్తుంది.

ఇక సొరంగం పెట్టాలనుకుంటే కొండ మొదలుపెట్టకముందే చేయాల్సిన పనులున్నాయి, ఇవి వదిలేస్తే తర్వాత ఏడవాలి. మీ దగ్గరున్న బోగీల్లో అన్నిటికన్నా పొడుగైనది తీసుకొని దాని మూలకి బయటివైపు ఒక పెన్సిల్, మధ్యలో లోపలివైపు ఇంకో పెన్సిల్ టేపుతో అంటించి, వంపు మీద చేత్తో మెల్లగా తోయండి. వంపులో బోగీ మూలలు బయటికి పోతాయి, నడుము లోపలికి వస్తుంది, ఆ పెన్సిళ్ళు బోర్డు మీద గీసిన గీతల లోపలికి కొండ గోడ ఒక్క మి.మీ. కూడా రాకూడదు, ఇంకో అర సెం.మీ. వదిలేస్తే మనశ్శాంతి. సొరంగం లోపల పాయింట్లు, అంటే ట్రైన్‌ని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్ళించే కదిలే పట్టాలు, పెట్టొద్దు, పట్టా జాయింట్లు కూడా వీలైనంత తక్కువ ఉండేలా చూస్కోండి, మూసేముందు ట్రాక్ బాగా తుడిచి ఒక రోజంతా ట్రైన్ నడిపి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం వెనకవైపో కిందివైపో చెయ్యి పట్టేంత కంత. నేను ఒకసారి "ఏమవుతుందిలే" అని మొత్తం మూసేశాను, పెయింట్ కూడా అయిపోయింది, ముచ్చటగా మూడో రోజు చివరి బోగీ సరిగ్గా నడిమధ్యలో పట్టా తప్పింది. స్కేలు, వైరు కొక్కెం, చివరికి పొడుగాటి చెక్కపుల్లకి రెండువైపులా అంటుకునే టేపు చుట్టి అన్నీ ప్రయత్నించాను, బోగీ ఇంకా లోపలికి పోయిందే తప్ప బయటికి రాలేదు. ఆఖరికి వారం రోజులు కష్టపడి చేసిన కొండకి వెనకనుంచి కత్తితో కిటికీ కోశాను. ఇప్పుడు ఆ కిటికీయే నా కొండలో అన్నిటికన్నా పనికొచ్చే భాగం. కొలత గుర్తుపెట్టుకోండి, ట్రాక్‌లో ఏ చోటైనా ఏదో ఒక కంతలోంచి మోచేయి పొడవు లోపలే అందాలి.

సొరంగం లోపల మొదటి పది పదిహేను సెం.మీ. మాత్రం గోడలా చేసి నల్లగానో ముదురు బూడిద రంగులోనో వేసేయండి, కన్ను అంతవరకే లోపలికి చూస్తుంది. ఆ పైన లోపల ఖాళీ అట్ట కనిపించినా ఎవరికీ తెలీదు.

అస్థిపంజరానికి వద్దాం. చిన్న గుట్టకైతే న్యూస్ పేపర్ ఉండలు చేసి మాస్కింగ్ టేపుతో బోర్డుకి అంటించేసి పైన పొర వేసేయొచ్చు, పదిహేను నిమిషాల పని. పెద్దదానికి నాకు అట్ట జాలీ పద్ధతే ఇష్టం, ఎందుకంటే బరువుండదు, ఖర్చు సున్నా, నచ్చకపోతే పీకేసి మళ్ళీ చేయొచ్చు. పార్సిళ్ళు వచ్చే అట్టపెట్టెలు విప్పి, కొండ పక్కనుంచి ఎలా కనిపించాలో ఆ ఆకారంలో నిలువు ముక్కలు కోసుకోండి, వీటిని 15-20 సెం.మీ.కి ఒకటి చొప్పున బోర్డు మీద నిలబెట్టి గ్లూ గన్‌తో అంటించండి. తర్వాత 2-3 సెం.మీ. వెడల్పు పట్టీలు బోలెడన్ని కోసి, ఒక్కో పట్టీని టేబుల్ అంచుకేసి లాగండి, అప్పుడది విరక్కుండా వంగుతుంది, లేకపోతే అట్ట లోపలి గీతల దగ్గర టక్కున మడతపడి కొండ మీద కోణాలు కోణాలుగా కనిపిస్తుంది. ఈ పట్టీల్ని పైనుంచి కిందికి, తర్వాత అడ్డంగా, బుట్ట అల్లినట్టు ఒకదాని కిందనుంచి ఒకటి పోనిచ్చి, కలిసిన చోట చుక్క గ్లూ వేసి బట్టల క్లిప్పు పెట్టి వదిలేయండి. గళ్ళు నాలుగైదు సెం.మీ. ఉంటే సరిపోతుంది, అంతకన్నా పెద్దవైతే పై పొర తడిగా ఉన్నప్పుడు గుంటలు పడుతుంది.

జాలీ అయ్యాక ఆగండి, వెంటనే పేపర్ అంటించేయకండి. మోకాళ్ళ మీద కూర్చొని కళ్ళు పట్టాల ఎత్తుకి తెచ్చి చూడండి, ఒక చోట నొక్కండి, ఒక చోట లోపలినుంచి పైకి తోయండి, శిఖరం సరిగ్గా మధ్యలో ఉంటే పక్కకి జరపండి. ఈ దశలో మార్పుకి పైసా ఖర్చుండదు, రేపు ప్లాస్టర్ పడ్డాక సుత్తి కావాలి. వాలు విషయంలో ఒక గుర్తు, విడిమట్టి ఎక్కడైనా 35 డిగ్రీల చుట్టుపక్కల వాలులోనే నిలుస్తుంది, అంతకన్నా నిటారుగా ఉంటే జారిపోతుంది, కాబట్టి మీ కొండ మీద గడ్డి, మట్టి ఉన్న చోట వాలు తక్కువగా ఉండాలి, నిటారుగా ఉన్న చోట రాయి కనిపించాలి. నిటారు గోడకి పచ్చగడ్డి అంటించారంటే ఎంత బాగా చేసినా ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది, ఏంటో మాత్రం అర్థం కాదు.

థర్మోకోల్ కూడా చాలామంది వాడతారు, టీవీలకీ ఫ్రిజ్‌లకీ ప్యాకింగ్‌లో వచ్చేదే. పొరలు పొరలుగా పేర్చి, తెల్ల గమ్ముతో అంటించి, చెక్కడమే. కానీ పెద్ద షీట్ల మధ్య గమ్ముకి గాలి తగలదు, మూడు రోజులైనా మధ్యలో పచ్చిగానే ఉంటుంది, అందుకే పలచగా రాసి, పుల్లలు గుచ్చి వదిలేయాలి. కోస్తే తెల్ల పూసలు రాలి చేతికీ బట్టలకీ లోకోకీ (ఇంజన్‌కీ) అన్నిటికీ అంటుకుంటాయి, వేడి వైరుతో కోస్తే పూసలుండవు గానీ పొగ వస్తుంది, ఆ పొగ మంచిది కాదు, కిటికీలు తెరిచి కోయండి. ఇంకా ముఖ్యం, స్ప్రే పెయింట్ డబ్బా, సూపర్ గ్లూ, థిన్నర్ కలిపే ఏ పెయింటూ నేరుగా దీనికి తగలకూడదు. నేను తెలీక రాతి రంగు స్ప్రే కొట్టాను, కళ్ళముందే బుస్సుమని చప్పుడు చేస్తూ కొండ లోపలికి కుంగిపోయి, పుండులా గుంటలు పడ్డాయి. నీళ్ళతో కలిపే రంగులే వాడాలి, అనుమానముంటే తుక్కు ముక్క మీద ముందు చూడాలి. పింకు, నీలం రంగుల్లో గట్టిగా వచ్చే ఎక్స్‌పీఎస్ ఫోమ్ దొరికితే ఇంకా మంచిది, పూసలు రాలవు, కత్తితో శుభ్రంగా తెగుతుంది, ఇళ్ళకి ఇన్సులేషన్ వేసేచోట మిగిలిపోయిన ముక్కలు అడిగితే దొరకొచ్చు. స్ప్రే, థిన్నర్ జాగ్రత్తలు దీనికీ అవే.

పై పొర వేసేముందు ఒక్క పని, పట్టాలన్నీ మాస్కింగ్ టేపుతో కప్పేసి పైన న్యూస్ పేపర్ పరవండి. పాయింట్ల దగ్గర రెండు వరసలు. బేస్ బోర్డు చెక్కదైతే ముందే ఒక కోటింగ్ పెయింట్ వేసి ఉంచితే మంచిది, లేకపోతే ఇన్ని నీళ్ళు తగిలి వంగిపోతుంది.

పొర రెండు రకాలుగా వేయొచ్చు. మొదటిది పేపర్, న్యూస్ పేపర్‌ని చేత్తో చింపి, కత్తెరతో కాదు, చింపిన అంచు కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా కనిపిస్తుంది, తెల్ల గమ్ములో సమానంగా నీళ్ళు కలిపి ముంచి మూడు పొరలు, ఒక్కో పొర ఆరాకే తర్వాతది. డబ్బులు ఆదా అని మైదా ఉడికించి జిగురు చేస్తారు కొంతమంది, నేనూ చేశాను, బాగానే అంటుకుంది, గాలి ఆడని మూల బూజు పట్టింది, ఆ తర్వాత పురుగులు, ఇక చెప్పక్కర్లేదు. గమ్ము దగ్గర మాత్రం పీనాసితనం వద్దు.

రెండోది ప్లాస్టర్, నేను ఎక్కువగా చేసేది ఇదే. పాత పల్చటి నూలు గుడ్డ కానీ గట్టి టిష్యూ కానీ అరచేయంత ముక్కలు చేసి పెట్టుకోండి. వంగే ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు పోసి, పొడిని చేత్తో కొద్దికొద్దిగా చల్లుతూ పోండి, నీళ్ళని పొడిలో పోయకూడదు, పొడినే నీళ్ళలో వేయాలి. మొదట్లో పొడి మునిగిపోతూ ఉంటుంది, కాసేపటికి మునగడం మానేసి పైన తడి దీవిలా తేలుతుంది, అక్కడ ఆపేయాలి, కొలత కావాలంటే రెండు గ్లాసుల పొడికి ఒక గ్లాసు నీళ్ళు దగ్గర్లో ఉంటుంది. ఒక నిమిషం కదపకుండా వదిలి తర్వాత మెల్లగా కలపండి, గిలక్కొడితే బుడగలు పడతాయి. ఇక పరుగే, గుడ్డ ముక్క ముంచు, వేళ్ళ మధ్య జార్చు, జాలీ మీద పరువు, పక్కదాని మీదికి సగం వచ్చేలా ఇంకోటి. అయిదారు నిమిషాలకి గిన్నెలో చిక్కబడుతుంది, వేలితో గీస్తే గీత పూడకుండా నిలబడుతుంది, అప్పుడు నీళ్ళు పోసి పల్చన చేయాలని చూడొద్దు, పనికిరాదు, ఆ గిన్నె అయిపోయినట్టే. ఎండిపోయాక గిన్నెని నొక్కితే పెంకులు పెంకులుగా ఊడిపోతుంది. కానీ కొంచెం కూడా మిగలకుండా తుడవాలి, పాత ముక్క ఉంటే తర్వాతి ప్లాస్టర్ ఇంకా తొందరగా గడ్డకడుతుంది. నెమ్మదిగా గట్టిపడాలంటే నీళ్ళలో కొంచెం వెనిగర్, తొందరగా కావాలంటే చిటికెడు ఉప్పు.

జాగ్రత్తలు మూడే. సింక్‌లో కడగొద్దు, పైపులో గడ్డకడితే ప్లంబర్‌కి అయ్యే ఖర్చుతో ఇంకో లేఅవుట్ కట్టొచ్చు. పొడి కలిపేటప్పుడు ముక్కుకి మాస్కు. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ బాగా వేడెక్కుతుంది, పల్చటి పొరలో తెలీదు గానీ చెయ్యి మొత్తం ముద్దలో ముంచి ఉంచితే చర్మం కాలుతుంది, పిల్లలు పక్కనుంటే "చేతి అచ్చు తీద్దాం" అంటారు, ఒప్పుకోకండి. ఇంకో చిన్న కిటుకు, కలిపే నీళ్ళలోనే కొంచెం గోధుమ రంగు పోస్టర్ కలర్ వేసేయండి, రేపు ఎక్కడైనా పెచ్చు ఊడినా తెల్లగా పళ్ళు ఇకిలించదు.

రాళ్ళు విడిగా పోత పోసుకోవచ్చు. వంటింటి అల్యూమినియం ఫాయిల్ బాగా నలిపి, మళ్ళీ సగం విప్పి, ఇసుకలోనో ఓ గిన్నెలోనో గుంటగా పరిచి ప్లాస్టర్ పోస్తే మడతలన్నీ రాతి చీలికల్లా వస్తాయి. ఎండిన చెట్టు బెరడు ఇంకా బాగుంటుంది, దాన్ని నేరుగా కొండకి అంటించేయొచ్చు. థర్మోకోల్‌ని కోయకుండా చేత్తో విరిచినా విరిగిన ముఖం రాయిలాగే ఉంటుంది, పైన పలుచగా ప్లాస్టర్ పూస్తే పూసలు కనిపించవు. ఏది చేసినా ఒక్కటి మర్చిపోకండి, రాతి పొరల గీతలు కొండ మొత్తం ఒకే దిక్కుకి వాలాలి. ఒక రాయి ఇటు, ఇంకోటి అటు ఉంటే లారీలోంచి రాళ్ళు ఒలకబోసినట్టు ఉంటుంది. ప్లాస్టర్ సబ్బు ముక్కంత గట్టిగా ఉన్నప్పుడే, అంటే పోసిన పావుగంటా ఇరవై నిమిషాల్లో, పాత కత్తితో అదనపు గీతలు చెక్కేయండి, ఎండాక చెక్కితే పెళుసుగా విరుగుతుంది.

ఇప్పుడు రంగు, ఇక్కడే కొండ పుడుతుంది అంటాను నేను. కొండ అనగానే పచ్చ డబ్బా తీసేవాళ్ళున్నారు, దయచేసి వద్దు. పచ్చదనం తర్వాత గడ్డితో వస్తుంది, కింద మాత్రం మట్టి రంగే ఉండాలి, గడ్డి ఎంత వేసినా సందుల్లో కింది రంగు తొంగిచూస్తుంది, ఆ సందులో మట్టి కనిపిస్తే నిజం, పచ్చ పెయింట్ కనిపిస్తే బొమ్మ. మెరుపు లేని గోధుమ రంగు, గోడలకి వేసే నీళ్ళ పెయింట్ మిగిలింది ఉంటే అదే చాలు, మొత్తం ఒక కోటింగ్ వేసేయండి, రాళ్ళు తప్ప.

రాళ్ళకి పద్ధతి వేరు. మూడు గ్లాసుల్లో మూడు రంగులు, పసుపు మట్టి రంగు ఒకటి, ముదురు గోధుమ ఒకటి, నలుపు ఒకటి, ఒక్కోదాంట్లో ఒక వంతు రంగుకి పదిహేను ఇరవై వంతుల నీళ్ళు, అంటే రంగు నీళ్ళే, పెయింట్ కాదు. ముందు పసుపు మట్టి రంగుని స్పాంజి ముక్కతో అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా, మూడో వంతు మాత్రమే. మధ్యలో ముదురు గోధుమ మచ్చలు. చిరుతపులి చర్మంలా ఉంటుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, అక్కడే చాలామంది భయపడి మొత్తం కలిపేస్తారు. కలపొద్దు. నల్ల నీళ్ళు తీసుకొని రాతి పైనుంచి కుంచెతో వదలండి, ఊరికే వదలండి. ప్లాస్టర్ దాహంగా పీల్చుకుంటుంది, నలుపు చీలికల్లోకి దారి వెతుక్కుంటూ పాకిపోతుంది, ఉబ్బెత్తు చోట్ల నిలవదు, అప్పటిదాకా కనిపించని గీతలు ఒక్కొక్కటే బయటికొస్తాయి, కింద అంచు దగ్గర చుక్క ఆగి ఉంటే టిష్యూతో అద్దేయండి. తడిగా ఉన్నప్పుడు మరీ నల్లగా కనిపిస్తుంది, కంగారుపడి కడిగేయకండి, ఆరాక సగానికి సగం తేలిపోతుంది. ఆరాక చివరగా తెలుపు కలిపిన లేత బూడిద రంగు కుంచెకి తీసుకొని, కాగితం మీద దాదాపు మొత్తం తుడిచేసి, ఏమీ లేదనిపించే కుంచెతో రాతి అంచుల మీద తేలిగ్గా రాయండి. ఎండ తగిలినట్టు అంచులు లేస్తాయి. రంగులు ఎప్పుడూ లేఅవుట్ మీద వెలిగే లైటు కిందే చూసి కలపండి, ఎండలో బాగున్నది తెల్ల ఎల్‌ఈడీ కింద శవంలా పాలిపోతుంది.

నేల మీద వేయడానికి అన్నిటికన్నా మంచిది మట్టే. ఆరుబయట నుంచి పిడికెడు తెచ్చి, బాగా ఎండబెట్టి, పల్చటి గుడ్డ లేదా టీ వడకట్టే జాలీలో జల్లించి, తర్వాత ఒక కాగితం మీద పల్చగా పరిచి గట్టి అయస్కాంతం ప్లాస్టిక్ కవర్లో పెట్టి మీద తిప్పండి. ఎంత ఇనుప నలుసు అంటుకుంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు, లోకో మోటర్లో అయస్కాంతం ఉంటుంది, అదంతా ఒకరోజు అందులోకే పోయేది. గడ్డికి రంపపు పొట్టు, పోస్టర్ కలర్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఎండబెట్టుకోవాలి, ఒకే పచ్చ కాకుండా మూడు నాలుగు పచ్చలు, అందులో ఒకటి ఎండు గడ్డి రంగు తప్పకుండా. ఇంకా బాగుండాలంటే పాత పరుపు స్పాంజి చిన్న ముక్కలు చేసి నీళ్ళతో పాత మిక్సీలో తిప్పి, పిండేసి రంగు పట్టించండి, పొదలకీ చెట్లకీ అన్నిటికీ అదే. వంటకి వాడే మిక్సీ వాడితే ఇంట్లో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. వాడేసిన టీ పొడి బాగా ఎండబెడితే రాలిన ఆకుల్లా ఉంటుంది, తడి ఉంటే మాత్రం బూజే.

అంటించడం దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. ముందు చిక్కటి గమ్ము కుంచెతో రాసి పొడి చల్లితే మొదటి పొర అంటుకుంటుంది, ఆరాక రెండో పొర చల్లి, పైనుంచి పల్చటి గమ్ము, అంటే ఒక వంతు గమ్ముకి మూడు నాలుగు వంతుల నీళ్ళు, డ్రాపర్‌తో వదలాలి. ఊరికే వదిలితే ఏమవుతుందంటే చుక్క లోపలికి ఇంకదు, పొడిని ఒంటికి పూసుకొని గోళీలా దొర్లి కిందికి పోతుంది, వెనక ఒక చార మిగులుతుంది. అందుకే గమ్ము కన్నా ముందు, రెండు చుక్కలు గిన్నెలు కడిగే లిక్విడ్ వేసిన నీళ్ళు సన్నటి స్ప్రేతో మంచులా కొట్టాలి, దగ్గర్నుంచి కొడితే పొడి ఎగిరిపోతుంది, కొంచెం పైకి కొడితే అదే కిందికి దిగుతుంది. తడిసిన చోట గమ్ము చుక్క పడగానే చప్పున మాయమైపోతుంది, అదీ గుర్తు. మొదట్లో పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే కనిపించదు. పట్టాల మధ్య కంకర కూడా ఇలాగే, కాకపోతే పాయింట్ల కదిలే భాగాల దగ్గర గమ్ము చుక్క పడిందంటే ఆ పాయింట్ ఇక కదలదు, అక్కడ కంకర పల్చగా వేసి వదిలేయడమే మేలు. అంటుకోని పొడిని వాక్యూమ్ మూతికి పాత సన్నటి సాక్సు కట్టి లాగేస్తే మళ్ళీ వాడుకోవచ్చు.

చెట్ల సంగతి, హెచ్‌ఓలో పన్నెండు మీటర్ల చెట్టు అంటే 14 సెం.మీ., మనం సాధారణంగా చేసేవి దాంట్లో సగమే ఉంటాయి. పాత కరెంటు వైరు తొక్క తీసి లోపలి రాగి పోగులు ఇరవై దాకా కట్టగా పట్టుకొని, కింద సగం మెలితిప్పితే కాండం, పైన మూడు నాలుగు పోగుల చొప్పున విడదీసి మెలితిప్పితే కొమ్మలు, చివర్లు విడిగా వదిలేస్తే రెమ్మలు. గమ్ములో కొంచెం ప్లాస్టర్ కలిపి పూస్తే మెలికలు మూసుకుపోయి బెరడులా అవుతుంది, రంగు బూడిద కలిసిన గోధుమ, మనం అనుకున్నంత చాక్లెట్ రంగు చెట్లకి ఉండదు, బయటికెళ్ళి ఒకసారి చూడండి. కొమ్మలకి గమ్ము రాసి స్పాంజి పొడిలో ముంచడమే. ఒక చెట్టుకి అరగంట పడుతుంది, కాబట్టి ఇలాంటివి పది చేసి ముందు వరసలో పెట్టండి, వెనక కొండ మీద అడవికి కాండాలే అక్కర్లేదు, గిన్నెలు తోమే పీచునో దూదినో ఉసిరికాయంత ఉండలు చేసి ముదురు రంగు వేసి, పైన పొడి చల్లి దగ్గర దగ్గరగా అంటించేస్తే నిండు అడవే. పైకి పోయేకొద్దీ ఉండ సైజు తగ్గించి, రంగులో కొంచెం నీలం బూడిద కలిపితే కొండ ఉన్నదానికన్నా దూరంగా పోతుంది. ఈ మోసం నాకు భలే ఇష్టం.

పొడుగు గడ్డికి గోనె తాడు సెంటీమీటరు ముక్కలు కోసి, చివర గమ్ములో ముంచి నిలబెట్టండి. నీళ్ళు పెట్టాలనుంటే చిన్న గుంటతో మొదలుపెట్టండి, అడుగు ముదురు రంగు, అంచు లేత మట్టి రంగు, పైన మెరుపు వార్నిష్ నాలుగైదు పల్చటి కోటింగులు. గమ్మునే మందంగా పోసేస్తే లోపల ఆరక నెలలపాటు తెల్లగా ఉండిపోతుంది.

టేపు తీసేశాక పట్టాల పైముఖం, లోపలి అంచు రెండూ తుడిచి, ఆ పొడుగు బోగీని మళ్ళీ చేత్తోనే ఒక రౌండు తోయండి, ఎక్కడైనా గీరుకుంటే అక్కడ ప్లాస్టర్ ఇప్పుడే గీకేయండి. తర్వాత ఫోన్ కెమెరాని పట్టాల ఎత్తులో పెట్టి ఫోటో తీయండి, కంటికి కనిపించనివన్నీ ఫోటోలో కనిపిస్తాయి. నాకు ప్రతిసారీ దొరికేది ఒకటే, సొరంగం ద్వారం గోడకీ నేలకీ మధ్య సన్నటి నల్ల సందు, ద్వారమంతా గాల్లో తేలుతున్నట్టు. చిటికెడు జల్లించిన మట్టి, రెండు చుక్కల గమ్ము.